ఉప్పునీళ్ల ఊళ్లో రేజరుకు, బ్రష్షుకు పట్టిన సబ్బు గార వదిలించడం ఎలా?

విజయవాడ వన్‌టౌన్‌లో కాపురమున్నన్నాళ్లూ గడ్డం బ్రష్షు గురించి నేను ఆలోచించిందే లేదు. కుళాయిలో కృష్ణా నీళ్లు వచ్చేవి. నాలుగు తిప్పులు తిప్పితే గిన్నె నిండా నురగ లేచేది. కడిగి గూట్లో పెడితే మర్నాటికి ఆరి ఉండేది. గుంటూరు శివార్లలో బోరు నీళ్ల అపార్ట్‌మెంటుకు మారిన రెండో నెలకే ఆ బ్రష్షు అరిగిన చీపురులా బిగుసుకుపోయింది. రేజరు మెడ చుట్టూ తెల్లటి అట్ట కట్టింది. సబ్బు పాడైందనుకుని కొత్తది కొన్నాను, అదీ అంతే. బ్రష్షుకు కాలం చెల్లిందనుకుని ఇంకొకటి కొన్నాను. మూడు వారాలు తిరిగేసరికి అది కూడా పాతదాని బాటే పట్టింది. అప్పటికి గాని నీళ్ల మీద అనుమానం రాలేదు. మా ఆవిడ మాత్రం ఇల్లు మారిన మొదటి వారంలోనే చెప్పింది, ఈ నీళ్లకు కందిపప్పు ఉడకడం లేదని. అప్పుడే చెవిన వేసుకుని ఉంటే ఒక బ్రష్షు డబ్బులు మిగిలేవి.

మీ ఇంట్లో కూడా పప్పు ఉడకక, తలకు పోసుకుంటే జుట్టు పీచులా తయారై, బకెట్టు అంచున తెల్లటి వలయం కనిపిస్తుంటే ఇది మీ కోసమే. రేజరును గాని బ్రష్షును గాని పారేయకండి. రెండింటినీ అరగంటలో బాగు చేయవచ్చు. గట్టిగా రుద్దనక్కర్లేదు, వరస తప్పకుండా చేస్తే చాలు.

ముందు ఆ తెల్లటిది ఏమిటో తెలుసుకోండి

మనం ఉప్పునీళ్లని పిలిచేవి నిజానికి కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉన్న నీళ్లు. బడి పుస్తకంలో వీటినే కఠిన జలం అన్నారు. సబ్బు అంటే కొవ్వు ఆమ్లాలకు సోడియం గాని పొటాషియం గాని జత కలిసిన పదార్థం. నీళ్లలోని కాల్షియం వచ్చి ఆ సోడియాన్ని తోసేసి తాను కూర్చుంటుంది. అలా తయారైన కొత్త పదార్థం నీటిలో కరగదు, నురగ రాదు, జిగటగా దేనికి దొరికితే దానికి అంటుకుంటుంది. ఇదే సబ్బు గార. పళ్లకు పట్టే గార లాంటిదే అనుకోండి.

దీంతోపాటు సున్నపు గార కూడా ఉంటుంది. నీటి చుక్క ఆరిపోయినప్పుడు వెనక మిగిలే కాల్షియం కార్బొనేట్ అది. గీజరు కాయిల్‌కు పట్టేదీ, పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చి సున్నం చేసే రాయిలో ఉన్నదీ అదే. గోటితో గీకి చూడండి. మైనంలా లేచి వస్తే సబ్బు గార, గరుకుగా ఉండి గోరుకు లొంగకపోతే సున్నపు గార. మన రేజర్ల మీద ఎక్కువగా ఈ రెండూ పొరలు పొరలుగా కలిసే ఉంటాయి.

కాబట్టి అవే నీళ్లలో అదే సబ్బు పెట్టి బ్రష్షు కడగడమంటే పాత గార మీద కొత్త గార పూయడమే. నేను రెండు నెలలు శ్రద్ధగా చేసిన పని అదే.

అనుమానం తీరాలంటే ఒక చిన్న పరీక్ష చేయండి. రెండు ఖాళీ సీసాల్లో ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకొకదాంట్లో ఆర్వో నీళ్లు మూడో వంతు చొప్పున పోయండి. రెండింటిలోనూ గడ్డం సబ్బు గోకి చిటికెడు తురుము వేసి, మూత బిగించి బాగా ఆడించండి. ఆర్వో సీసాలో నురగ గొంతు దాకా లేస్తుంది. బోరు నీళ్లలో నురగ నిలవక, నీళ్లు పాలవిరుగుడులా మారి పైన పలుకులు తేలితే ఇక వేరే రుజువు అక్కర్లేదు. షాంపూతోనో గిన్నెల లిక్విడ్‌తోనో ఈ పరీక్ష చేయకండి. అవి సబ్బులు కావు, ఉప్పునీళ్లలో కూడా నురగ ఇస్తాయి. ఈ సంగతి కాసేపట్లో మనకే పనికొస్తుంది.

ఆర్వో మెకానిక్ మీటరు ముంచి చూపించే టీడీఎస్ అంకెను కఠినత్వంగా పొరబడకండి. అది నీటిలో కరిగిన లవణాలన్నింటి లెక్క. మామూలు ఉప్పు కూడా అందులోకే వస్తుంది. సబ్బును విరిచేది కాల్షియం, మెగ్నీషియం మాత్రమే. తాగునీటి కఠినత్వానికి భారత ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు దొరకని చోట 600 వరకు.

కావలసినవి

కిరాణా దుకాణంలో నిమ్మ ఉప్పు అడగండి, అంటే సిట్రిక్ యాసిడ్. చిన్న పొట్లం చాలు, నెలల తరబడి వస్తుంది. అది దొరకకపోతే తెల్ల వెనిగర్. నిమ్మకాయలు కూడా పని చేస్తాయి గాని ఎండాకాలంలో వాటి ధర తెలిసీ రేజరు మీద పిండడానికి నాకు మనసు రాదు. ఇవి కాక గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్‌బ్రష్షు, రెండు పళ్లు కుట్టుకునే పుల్లలు, మెత్తటి నూలు గుడ్డ, ఒక లీటరు ఆర్వో నీళ్లు సిద్ధం చేసుకోండి. నానబెట్టడానికి గాజు గ్లాసో ప్లాస్టిక్ డబ్బానో తీసుకోండి. అల్యూమినియం, ఇత్తడి గిన్నెలు వద్దు.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. వాష్‌బేసిన్ పక్కన మీకు కడప బండ గాని పాలరాయి గాని ఉంటే ఈ పని దాని మీద పెట్టుకోకండి. రెండూ సున్నపు జాతి రాళ్లే. రేజరు మీది గారను తినే పులుపు బండను కూడా తింటుంది. నల్లటి బండ మీద గ్లాసు అడుగు ఆకారంలో తెల్లటి మచ్చ పడితే మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప పోదు. స్టీలు పళ్లెంలో పెట్టుకుని చేయండి. విప్పిన చిన్న భాగాలు బేసిన్ కంతలోకి జారిపోకుండా కూడా అది కాపాడుతుంది.

రేజరు: కడుగు, పులుపు, మళ్లీ కడుగు

మొదట బ్లేడు తీయండి. పదును లేని పొట్టి అంచులు పట్టుకుని తీయాలి. పాత బ్లేడును చెత్తబుట్టలో విడిగా వేయకండి, తెల్లవారి ఆ చెత్త ఎత్తే చేయి ఒకటి ఉంటుంది. మూతకు సన్నటి చీలిక పెట్టిన పాత పౌడరు డబ్బా ఉంటే ఏళ్ల తరబడి బ్లేడ్లు అందులోనే వేయవచ్చు.

రేజరును పూర్తిగా విప్పండి. మూడు ముక్కల రేజరయితే పైమూత, అడుగు పలక, పిడి వేరువేరుగా వస్తాయి. కింద తిప్పితే తలుపుల్లా తెరుచుకునే రకమయితే తెరిచి అలాగే ఉంచండి, బలవంతంగా ఊడదీయకండి.

ఇప్పుడు గోరువెచ్చటి ఆర్వో నీళ్లలో నాలుగు చుక్కల గిన్నెల లిక్విడ్ వేసి ఆ భాగాలను పది నిమిషాలు నానబెట్టి, టూత్‌బ్రష్షుతో తేలిగ్గా తోమండి. పైనున్న జిడ్డు, విడి సబ్బు దీంతో పోతాయి. జిడ్డు ఉండగా పులుపు లోపలికి దిగదు. అసలు గార ఇంకా అలాగే ఉంటుంది, కంగారు పడకండి.

తరువాత పులుపు పెట్టాలి. గ్లాసెడు, అంటే 200 మిల్లీలీటర్ల గోరువెచ్చటి ఆర్వో నీళ్లలో ఒక టీ స్పూను నిమ్మ ఉప్పు కరిగించండి. వెనిగరయితే సగం వెనిగర్, సగం నీళ్లు. ఇందులో ఎంతసేపు ఉంచాలన్నది మీ రేజరు లోహాన్ని బట్టి ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు 15, 20 నిమిషాలు ఉన్నా ఏమీ కాదు. ఇత్తడి మీద క్రోమ్ పూత ఉన్నది 5 నిమిషాలు ఉంచి, తీసి చూసి, అవసరమయితే ఇంకో 5 నిమిషాలు. మార్కెట్‌లో చవకగా దొరికే రేజర్లలో చాలా వాటి తలలు జింకు మిశ్రమం మీద క్రోమ్ పూసినవి. పూత చెక్కుచెదరకుండా ఉంటే 5 నిమిషాలు పర్వాలేదు. ఎక్కడైనా పూత లేచి కింద బూడిదరంగు కనిపిస్తుంటే మాత్రం ముంచకండి, పులుపు జింకును తొలిచేస్తుంది. గుడ్డను ఆ నీళ్లలో తడిపి గార ఉన్న చోట మాత్రం అద్ది, రెండు నిమిషాలకు కడిగేయండి. అల్యూమినియం పిడికి, బంగారు రంగు పూతకు కూడా అద్దుడు వైద్యమే.

ముంచగానే సన్నటి బుడగలు లేస్తే అక్కడ సున్నపు గార ఉన్నట్టు. బుడగలు రాకపోయినా పని జరుగుతూనే ఉంటుంది. సబ్బు గార చప్పుడు చేయకుండా విడిపోతుంది.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. నేనూ మొదటిసారి ఆగాను. నీళ్లలో ఒకసారి జాడించి, ఆరబెట్టి, తెల్లారి చూస్తే రేజరు మీద మసకగా, పట్టుకుంటే జారేలా మైనపు పొర ఉంది. నిమ్మ ఉప్పు పని చేయలేదనుకున్నాను. అది చేయాల్సింది చేసింది. పులుపు కాల్షియాన్ని లాగేసుకుంటే వెనక మిగిలేది కొవ్వు ఆమ్లం. కొవ్వొత్తుల్లో కలిపే స్టియరిక్ యాసిడ్ అందులో ముఖ్యమైనది. అది నీళ్లకు పోదు. కాబట్టి పులుపు నుంచి తీసిన వెంటనే, ఆరనివ్వకుండా, మళ్లీ గోరువెచ్చటి నీళ్లు, గిన్నెల లిక్విడ్‌తో తోమాలి. సబ్బు వాడితే కథ మొదటికి వస్తుంది. లిక్విడ్ సబ్బు కాదు కాబట్టి కొత్త గార పుట్టదు.

ఈ రెండో తోముడులోనే మరలు, పలక పళ్ల సందులు, పైమూత లోపలి మూలలు చూసుకోండి. పుల్ల మొనకు నూలు పోగు చుట్టి మర గాడిలో తిప్పితే బూడిదరంగు ముద్ద వస్తుంది. అది మొదటిసారి చూస్తే కొంచెం సిగ్గేస్తుంది, ఇన్నాళ్లూ ముఖం మీద పెట్టుకున్నది దీన్నేనా అని.

చివరగా ఆర్వో నీళ్లలో జాడించి గుడ్డతో పూర్తిగా తుడవండి. మర మీద కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేస్తే తర్వాత గార అంత తేలిగ్గా పట్టదు.

బ్రష్షుకు బతిమాలుడే

రేజరు లోహం, కాస్త మొరటుగా ఉన్నా ఓర్చుకుంటుంది. బ్రష్షు వెంట్రుకలతో చేసింది. బ్యాడ్జర్ అనే జంతువు బొచ్చయినా పంది కుచ్చయినా మన జుట్టులాంటిదే, కుదురు దగ్గర జిగురుతో అతికించి ఉంటుంది. మరిగే నీళ్లు, గాఢమైన పులుపు, గంటల తరబడి నానబెట్టడం, ఈ మూడూ దానికి శత్రువులు.

గార పట్టిన బ్రష్షును గుర్తుపట్టడం తేలిక. కొసలు నాలుగైదు కలిసి ముళ్లలా అతుక్కుంటాయి. సబ్బు ఎంత పెట్టినా నురగ బ్రష్షులోకే ఇంకిపోతుంది. కుచ్చు విడదీసి చూస్తే కుదురులో పిండి చల్లినట్టు తెల్లగా ఉంటుంది.

గోరువెచ్చటి నీళ్లలో తడిపి, అరచేతిలో రెండు చుక్కల లిక్విడ్ వేసుకుని గుండ్రంగా తిప్పండి. వేళ్లతో కుదురు దాకా పిసకండి. జాడించండి. ఇప్పుడు పులుపు నీళ్లు, రేజరుకు వాడిన దానికంటే పలుచగా ఉంటే చాలు. గ్లాసుకు అర స్పూను నిమ్మ ఉప్పు, లేదా ఒక వంతు వెనిగర్‌కు ఎనిమిది వంతుల నీళ్లు. కుచ్చు మాత్రమే మునగాలి, పిడి తడవకూడదు. చెక్క పిడి అయితే మరీ జాగ్రత్త, నీరు తాగి పగులుతుంది. ఐదు నిమిషాలు ఉంచి, మధ్యమధ్య అదే నీళ్లలో మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తూ ఉండండి. నీళ్లు పాలరంగుకు తిరిగి, తెల్లటి పలుకులు అడుగున చేరతాయి. నా పాత బ్రష్షు మొదటిసారి ఎంత వదిలిందంటే, గ్లాసు కడిగిన మజ్జిగ చెంబులా తయారైంది.

ఆ తర్వాత మళ్లీ ఒక్క చుక్క లిక్విడ్‌తో పిసికి, ఆర్వో నీళ్లలో మూడుసార్లు జాడించండి. రేజరు దగ్గర చెప్పిన మైనం సంగతి ఇక్కడా వర్తిస్తుంది. నీళ్లు పిండి, రెండుమూడుసార్లు విదిలించి, తువ్వాలు మీద అటూ ఇటూ రాయండి. దువ్వెన పెట్టకండి, కుచ్చు మెలితిప్పకండి. నాలుగు వెంట్రుకలు ఊడితే పర్వాలేదు. తలుపు మూసిన బాత్రూంలో కాకుండా గాలి తగిలే చోట ఆరబెట్టండి. కిటికీ ఊచకు వేలాడదీసినా, నిలబెట్టినా ఒకటే.

కుదురులో ఇంకా తెలుపు మిగిలితే అప్పటికప్పుడు గాఢత పెంచకండి. రెండు రోజులు వాడి, మళ్లీ అదే పలుచటి నీళ్లతో ఇంకోసారి చేయండి. శుభ్రం చేసిన మర్నాడు వెంట్రుకలు కొంచెం ఎండినట్టు అనిపిస్తాయి. ఒకసారి ఆర్వో నీళ్లతో చిక్కటి నురగ కట్టి కడిగితే సర్దుకుంటాయి. సింథటిక్ బ్రష్షుకు ఈ భయాలేమీ లేవు, పులుపు నీళ్లు పది నిమిషాలున్నా చెక్కుచెదరదు.

పూర్తిగా బోరు నీళ్ల మీద ఉన్న ఇంట్లో నెలకొకసారి, కృష్ణా కుళాయి నీళ్లు అందే ఇంట్లో మూడు నెలలకొకసారి ఈ పని పెట్టుకుంటే సరిపోతుంది.

మిగతా సామాను

కార్ట్రిడ్జ్ రేజరు తల విప్పడానికి వీలుండదు. బ్రష్షుకు కలిపిన పలుచటి పులుపు నీళ్లలోనే తలను ఐదు నిమిషాలు ముంచి, వెనక వైపు నుంచి కుళాయి ధార పెట్టండి, ఇరుక్కున్నది ముందుకు వచ్చేస్తుంది. చివర ఆర్వో నీళ్లలో జాడించండి. టూత్‌బ్రష్షు అంచుల మీద అడ్డంగా ఆడించకండి. పైనుండే జారుడు పట్టీ నానితే కరిగిపోతుంది కాబట్టి ఊరికే ముంచడం అలవాటు చేసుకోవద్దు. మూడు వారాలు వాడిన తలకు ఈ సేవ దండగ, మార్చేయండి.

తాతల నాటి మడత కత్తి ఇంట్లో ఉంటే దాన్ని పులుపు దగ్గరకు రానివ్వకండి. కార్బన్ స్టీలు నిమిషాల్లో నల్లబడుతుంది. లిక్విడ్ అద్దిన తడిగుడ్డతో వెన్ను నుంచి అంచు వైపుకు తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి, నూనె రాసి దాచాలి. నురగ గిన్నె రాగిదో ఇత్తడిదో అయితే చింతపండు పులుసు చాలు, దానికి పాఠం చెప్పడానికి నేనెవరిని.

వంటసోడా, వెనిగర్ కలిపి పొంగించే చిట్కా ఫోన్లలో తెగ తిరుగుతుంది. పొంగు చూడముచ్చటగా ఉంటుంది గాని రెండూ ఒకదాన్నొకటి చంపుకుని చివరికి ఉప్పగా ఉన్న నీళ్లే మిగులుతాయి. బూడిద, ఇసుక పౌడరు, ఇనుప పీచు క్రోమ్ మీద గీతలు పెడతాయి. ఆ గీతల్లోనే రేపు గార ఇంకా గట్టిగా దిగుతుంది. బాత్రూంలో పోసే యాసిడ్ హైడ్రోక్లోరిక్ యాసిడ్, క్రోమ్ పూతనే తినేస్తుంది. అది బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. నిమ్మ ఉప్పు, వెనిగర్ కూడా బ్లీచింగ్‌కు దూరంగానే ఉంచండి.

మళ్లీ పట్టకుండా

నిజానికి ఇంత పని నెలనెలా అక్కర్లేదు. గడ్డానికి కావలసిన నీళ్లు చెంబెడు. ఆ చెంబెడు ఆర్వో నీళ్లు పక్కన పెట్టుకుని, బ్రష్షు తడపడానికి, నురగ కట్టడానికి అవే వాడండి. ముఖం బోరు నీళ్లతో కడుక్కున్నా, రేజరుకు, బ్రష్షుకు చివరి జాడింపు మాత్రం ఆర్వోతోనే కావాలి. నురగలో తేడా మొదటి రోజే తెలుస్తుంది, సబ్బు సగమే పడుతుంది. గుంటూరులో కుళాయి వదిలే వేళకు ఒక బకెట్టు పట్టి పెట్టుకున్నా మేలే. తక్కెళ్లపాడు నుంచి వచ్చే కృష్ణా నీళ్లు బోరు కంటే ఎంతో నయం.

ఆర్వో మిషను పక్క గొట్టంలోంచి వదిలే నీళ్లను చాలా ఇళ్లలో బకెట్టుకు పడతారు. ఇల్లు తుడవడానికి మంచివే, రేజరుకు మాత్రం వద్దు. తీసేసిన లవణాలన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి అవి బోరు నీళ్ల కంటే కఠినం. నీళ్లు కాచి చల్లారిస్తే కొంత కఠినత్వం అడుగున తెల్లగా దిగుతుంది, పైతేట వాడుకోవచ్చు. కానీ సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చేది కాస్తే పోదు.

పటిక వాడేవారు దాన్ని సబ్బు నీళ్ల మగ్గులో ముంచకండి. పటికలోని అల్యూమినియం కూడా కాల్షియంలాగే సబ్బును విరిచేస్తుంది. కొత్త సబ్బు కొనేటప్పుడు వెనక అట్ట మీద టెట్రాసోడియం ఈడీటీఏ అని ఉందేమో చూడండి. కాల్షియాన్ని పట్టి ఉంచేది అదే, ఉప్పునీళ్లలో అలాంటి సబ్బు కాస్త మెరుగ్గా నురగ ఇస్తుంది.

ఇక బెజవాడ, గుంటూరు ఎండలు మనకిచ్చే ఒకే ఒక్క వరం ఏసీ నీళ్లు. గాలిలోని తేమ చల్లబడి కారే నీరు కాబట్టి వాటిలో కాల్షియం దాదాపు ఉండదు. మే నెలలో ఒక్క రాత్రికే సీసాలు నిండుతాయి. కాయిల్ మీది దుమ్ము, క్రిములు కలిసి ఉంటాయి గనుక తాగడానికి, ముఖానికి పనికిరావు. పైన చెప్పిన నానబెట్టే నీళ్లకు, తోమే నీళ్లకు మాత్రం ఆర్వో బదులు నిక్షేపంగా వాడవచ్చు. చివరి జాడింపు ఒక్కటి ఆర్వోతో ముగించండి. సీసా మీద 'తాగవద్దు' అని రాసి పెట్టండి. రాసినా ఇంట్లో ఎవరో ఒకరు ఇన్వర్టరు బ్యాటరీలో పోయడానికి తీసుకెళ్తారు. దానికి మాత్రం దుకాణంలో కొన్న డిస్టిల్డ్ వాటరే పోయాలని చెప్పండి.